అవ్వ తెరవని పొట్లం

జ్ఞాపకాలు రాసుకోవడానికి తగిన వయసు నాకు ఇంకా రాలేదని తెలుసు. కళాశాల విడిచి ఏడాది కూడా నిండలేదు. తల నెరిసినవాళ్ళు తీరిగ్గా చేసుకోవలసిన పనిని ఇంత తొందరగా చేపట్టడం అతిగానే కనిపిస్తుంది. అయినా, మా అవ్వ పోయిన మూడో నాడు అమ్మ ఆమె రేకుపెట్టె తెరిచి, రెండు కోకలనూ వక్కాకు సంచినీ పక్కన పెట్టి, అడుగున తెల్లగుడ్డలో ముడివేసి ఉన్న చిన్న వస్తువును నా అరచేతిలో ఉంచినప్పటి నుంచి రాయకుండా ఉండడం నాకు సాధ్యం కావడం లేదు. ముడి విప్పాను. లోపల ఒక కాగితపు పొట్లం. చుట్టిన తమలపాకు కంటె పెద్దది కాదు. ఒకప్పుడు ఎర్రగా ఉండిన కాగితం ఇటుకపొడి రంగుకు తిరిగింది. దాని మీద అచ్చువేసిన చిలుకకు ముక్కు మాత్రమే మిగిలింది. అంటించిన అంచులు అంటించినట్టే ఉన్నాయి. వాసన చూస్తే పిప్పరమెంటు వాసన పోయింది, అవ్వ వక్కాకు సంచి వాసన వచ్చింది.

"ఇన్నేండ్లూ దీన్ని దాచిపెట్టుకోనుండాదిరా" అంది అమ్మ, నా ముఖం చూడకుండా. "మీ అన్నకు చెప్పాకు. చెప్తే ఏమవుతాదో నాకు తెలీదు."

ఆ పొట్లం ఏమిటో చెప్పాలంటే, కరువు రోజుల్లో మా ఇంట్లో ఏయే చప్పుళ్ళు లేకుండా పోయాయో ముందు చెప్పాలి. కమలాపురానికి ఆమడ దూరంలో, తారురోడ్డు చేరని పల్లె మాది. నాకు ఊహ తెలిసేనాటికి మా ఇంట్లో తెల్లవారుజాము అంటే తిరగలి చప్పుడు. అవ్వ కాళ్ళు చాపుకుని కూర్చుని కొర్రలో రాగులో విసురుతూ ఉంటే, ఆ గరగరలోనే నేను నిద్రపోయేవాణ్ణి, ఆ గరగర ఆగినప్పుడే మేలుకునేవాణ్ణి. తరువాత దొడ్లో ఎద్దుల మెడగంటలు, బావి దగ్గర గిలక అరుపు, సంగటి గెలికే కట్టె కుండ అంచుకు తగిలే మోత. వానలు రెండో ఏడు కూడా మొహం చాటేసేసరికి ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి నిలిచిపోయాయి. ఎద్దులను మేత ఉన్నచోటికి తోలేశారు, అవి మళ్ళీ రాలేదు. బావిలో గిలక తాడు ఎంత వదిలినా రాయికే తగిలింది. తిరగలి మీద సాలెపురుగు గూడు కట్టింది. అవ్వ మాత్రం తన అలవాట్లను మానలేదు. వాకిట్లో కల్లాపి చల్లడానికి నీళ్ళు లేకపోతే, చెంబులో వేళ్ళు ముంచి మూడు చుక్కలు విదిలించి, "ఈ పొద్దుకు ఇంతే తల్లీ" అని నేలకు చెప్పుకునేది. పగలు ఆకు లేని వక్క నమిలేది. వక్క కూడా అయిపోయిన తరువాత ఊరకే దవడలు ఆడిస్తూ కూర్చునేది.

నాయన కరువు పనికి పోయేవాడు. రోడ్డుకు కంకర కొట్టడం, తట్టలు మోయడం. సాయంత్రం గంజి కేంద్రం నుంచి అమ్మ తెచ్చిన గంజిలో చింతచిగురు వేసి ఉడికించి తాగేవాళ్ళం. ఆ గంజికి ఇనుప డ్రమ్ము వాసన ఉండేది. ఇప్పటికీ, ఎక్కడైనా తడిసిన ఇనుము వాసన తగిలితే నా కడుపు తనంతట తాను ఆకలిగొంటుంది. తర్కం నేర్చిన మనిషిని గనుక ఇది కేవలం అలవాటు అని చెప్పుకుంటాను. కడుపు మాత్రం వినదు.

మా అన్న ఓబులేసు నాకన్న ఆరేండ్లు పెద్ద. మా వంశంలో హైస్కూలు గడప తొక్కిన మొదటివాడు. లెక్కల్లో అతనికి ఎదురు లేదని కమలాపురంలో అయ్యవార్లే అనేవారు. నాకు రాత్రిళ్ళు నక్షత్రాల దూరాలు చెప్పేవాడు. అవి నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు, కానీ అతను చెప్పిన తీరులో అనుమానానికి చోటుండేది కాదు. కమలాపురంలో దూరపు చుట్టాలింట్లో ఉండి చదువుకునేవాడు. కరువులో వాళ్ళ పొయ్యి కూడా పూటకొకసారే వెలిగేది. ఒకనాడు ఆ ఇంటావిడ నొచ్చుకుంటూనే పుస్తకాల సంచి చేతికిచ్చి పంపేసింది. అప్పటి నుంచి అన్న కోడి కూయకముందే లేచి ఆమడ నడిచి బడికి పోయి, మళ్ళీ ఆమడ నడిచి వచ్చేవాడు. కాళ్ళ పగుళ్ళలో అవ్వ వేపబంక పూసేది. ఖాళీ కడుపుతో నడిచేవాడు వేళకు చేరలేడు. చేరినా రెండో గంటకు కండ్లు తిరిగేవి. హెడ్మాస్టరు మంచివాడే. పరీక్షల దాకా చూసీచూడనట్టు ఉంటాననీ, వచ్చే ఏడు మాత్రం వేళకు రాలేనివాడి పేరు కొట్టెయ్యక తప్పదనీ చెప్పాడు.

నాయన అంతకంటె తక్కువ మాటల్లో తేల్చాడు. "సైకిలుంటే పోరా. లేకుంటే కంకరకు రా. ఇట్ల నడిచి నడిచి సచ్చేదానికి నేను ఒప్పుకోను."

సైకిలు! మా ఊళ్ళో అప్పటికి ఒక్క సైకిలు లేదు. ఆ మాట అనడంలో నాయన ఉద్దేశం, బడి మానుకో అని చెప్పడమే. కానీ అన్న ఆ మాటలో మొదటి సగాన్ని మాత్రమే చెవిన వేసుకున్నాడు.

ఎందుకంటే ఊరి మొగదలలో శెట్టి అంగడి గోడకు ఆ రోజుల్లోనే ఒక రంగుల కాగితం అంటించారు. మద్రాసు నుంచి వచ్చే పిప్పరమెంటు పొట్లాల ప్రకటన అది. ఒక్కో పొట్లంలో ఒక బిళ్ళ, ఒక జంతువు బొమ్మ. ఏ బొమ్మ వస్తుందో తెరిచేదాకా ఎవరికీ తెలియదు. రెండు డజన్ల జంతువులనూ కూడబెట్టి ఉగాది సాయంత్రం లోపల కడప బజారులోని ఏజెంటుకు చూపినవాడికి సైకిలు. కాగితం మీద ఆ సైకిలు బొమ్మ కూడా ఉంది. సీటు మీద తెల్లచొక్కా పిల్లవాడు నవ్వుతున్నాడు. అన్న ఆ పిల్లవాడి చొక్కా వంక చూడలేదు. వాడి పాదాలు నేలకు తగలకుండా ఉండడాన్నే చూశాడని నాతో తరువాత చెప్పాడు.

పొట్లం కొనే స్తోమత మాకు లేదు. కాని శెట్టి వేపగింజలు పట్టేవాడు. కరువులో కూడా మానకుండా కాసే చెట్టు వేప ఒక్కటే. అన్నా నేనూ అమ్మా, చివరికి అవ్వ కూడా, వంకల వెంబడి పండిరాలిన వేపపండ్లు ఏరి, పిసికి, గింజలు ఎండబెట్టి కుండలకెత్తాం. వేళ్ళు చేదయ్యాయి. గంజి తాగినా చేదే, పుస్తకం పేజీ తిప్పి వేలు నాలుకకు తగిలించుకున్నా చేదే. ఒక శేరు గింజలు కొలిస్తే శెట్టి ఒక పొట్లం ఇచ్చేవాడు.

"ఏమప్పా ఓబులేసూ, ఈ చిలక పొట్లాలతో కడుపు నిండుతాదా?" అనేవాడు శెట్టి, శేరు మీద తన చెయ్యి పెట్టి గింజలు ఎగదోస్తూ.

"కడుపుకు గాదు శెట్టీ, కాళ్ళకు."

"కాళ్ళకైతే చెప్పులు కొనుక్కో."

"చెప్పులకు చక్రాలుంటే చెప్పు, కొంటా."

పొట్లం తెరవడం మా ఇంట్లో ఒక క్రతువుగా మారింది. దీపం గూటి ముందు అందరం కూర్చునేవాళ్ళం. అన్న అంచును గోటితో కాస్త లేపి, కాగితం చిరగకుండా వేలు దూర్చి, ముందు బిళ్ళను తీసి నా నోట్లో పెట్టేవాడు. చేదు నోట్లో ఆ తీపి పడగానే మెదడు దాకా జల్లుమనేది. తరువాత బొమ్మను వెనక్కు తిప్పి పట్టుకుని, ఒక్క క్షణం ఆగి, తిప్పేవాడు. మొదట్లో ఏది వచ్చినా పండగే. ఏనుగు, ఒంటె, జిరాఫీ, నీటిగుర్రం. అవ్వ ప్రతి జంతువుకూ ఊళ్ళో ఒక మనిషి పోలిక చెప్పేది. నీటిగుర్రం కరణం గారి అత్త. జిరాఫీ కరువు పని మేస్త్రీ. పోనుపోను పాతవే తిరిగి రావడం మొదలయింది, అందులోనూ కోతి. నల్లమొహం, తెల్లగడ్డం, కొమ్మ మీద కూర్చుని పండు కొరుకుతున్న కోతి. అన్న పళ్ళు కొరికి దాన్ని పారెయ్యబోతే అవ్వ చెయ్యి పట్టుకునేది.

"పారెయ్యాకురా పాపిష్టోడా! ఆంజనేయస్వామి."

"ఆంజనేయుడు గాదు అవ్వా, మామూలు కోతి."

"నీకు తెల్సునా, ఆయన్ను అడిగినావా?"

అలా వచ్చిన కోతులన్నిటినీ అవ్వ దీపం గూటి చుట్టూ గోడకు అంటించింది. అంటించడానికి గంజి వృథా చేయనీయదు గనుక వేపబంకతో. సాయంత్రం ఆముదపు దీపం వెలుగులో ఒకే కోతి అన్నివైపుల నుంచీ మమ్మల్ని చూస్తూ పండు కొరుకుతుండేది. మేము ఖాళీ కడుపులతో దానికి దండం పెట్టేవాళ్ళం.

ఇక్కడే దూదేకుల దస్తగిరి తాత గురించి చెప్పాలి. వింటి నారి మోగిస్తూ దూది ఏకి పరుపులూ బొంతలూ కుట్టడం ఆయన వృత్తి. మా నాయన చిన్నప్పటి నుంచి మా ఇంటి మనిషి. మా ఊరి సేద్యగాళ్ళకు ఆయన చేతివాసి మీద గట్టి గురి. తొలకరికి విత్తే గొర్రు కట్టినప్పుడు, దాని మీద గింజలు పోసే జడ్డిగంలో మొదటి పిడికెడు గింజలు ఆయన చేత్తోనే వేయించేవాళ్ళు. హిందువు పొలమైనా తురకపొలమైనా అంతే. ఆ పిడికెడు పడందే ఎద్దులను అదిలించేవాళ్ళు కారు. ఒకనాడు మేము పొట్లం తెరవబోతుండగా ఆయన వచ్చాడు. అవ్వ పొట్లాన్ని అన్న చేతిలోంచి లాక్కుని ఆయనకిచ్చింది. తాత నవ్వుతూ, బిస్మిల్లా అని, బొంత దారం తెంపినట్టు పంటితో అంచు తెంపాడు. పులి వచ్చింది. ఊళ్ళో మరెవరికీ రాని పులి.

"చూస్తివా! నీ చేత ఎప్పుడూ కోతులే. ఆ చెయ్యి చూడు, ఎట్లాంటి చెయ్యి!" అని అవ్వ చంకలు కొట్టుకుంది.

"ఒక్కసారికే చెయ్యి మంచిదని ఎట్ల చెప్తావు అవ్వా?" అన్నాడు అన్న. ఆ ప్రశ్న సరైనదే. తరువాత కళాశాలలో వాదసభల్లో నేను అందుకున్న చప్పట్లలో సగం ఆ ఒక్క ప్రశ్నను రకరకాలుగా తిప్పి అడిగినందుకే వచ్చాయి. కానీ ఆ ప్రశ్న అడిగిన నోటితోనే అన్న, ఆ రాత్రి పక్కమీద, "తాత చేత ఇంగోటి తెరిపిచ్చి చూస్తే తెలుస్తాది గదా" అని నాతో గుసగుసగా అన్నాడు. ఆశ పరీక్షకు ఒప్పుకున్నట్టే ఉంటుంది. ఫలితాన్ని మాత్రం ముందే రాసుకుని కూర్చుంటుంది.

చలికాలం వచ్చేసరికి మాకు ఒక్క జంతువే తక్కువయింది. ఖడ్గమృగం. ఆ పేరు అవ్వ నాలుకకు తిరగలేదు. ప్రకటన కాగితం మీద దాని నీడబొమ్మ చూసి, "ఒంటికొమ్మోడు" అంది. మా ఇంట్లో దేవుళ్ళ పేర్ల తరువాత ఎక్కువగా పలికిన పేరు అదే. అవ్వ నిద్రలో కూడా "ఒంటికొమ్మోడు వచ్చినాడా?" అని కలవరించేది. వేపగింజలు అడుగంటాయి. శెట్టి దగ్గర పొట్లాలూ అడుగంటాయి. కరువులో పిప్పరమెంట్లు ఎవరు కొంటారని అతను కొత్త సరుకు తెప్పించడం మానేశాడు. ఉగాదికి ముందు వారం, కుండ అడుగు గీకి తెచ్చిన గింజలకు, పెట్టె అడుగున మిగిలిన చివరి పొట్లాన్ని తీసి అన్న చేతిలో పెట్టాడు. కొలత తక్కువయినా ఏమీ అనలేదు.

అన్న దాన్ని ఇంటికి తెచ్చి గూటి ముందు కూర్చున్నాడు. గోరు అంచు మీద పెట్టాడు. అవ్వ వచ్చి పొట్లం లాక్కుంది.

"దస్తగిరి రానీ."

తాత అప్పటికి రెండు నెలలుగా ఊళ్ళో లేడు. పని వెతుక్కుంటూ విల్లు భుజాన వేసుకుని రాయచోటి వైపు పోయాడు. ఉగాదికి వచ్చేస్తానని చెప్పి పోయాడు. ఏ ఏడూ మా ఇంటి ఉగాది పచ్చడి తినకుండా ఉండలేదాయన. అన్న అటూ ఇటూ చూశాడు. గోడ మీది కోతులను చూశాడు. తన గోరు చూసుకున్నాడు. "సరే. రానీ" అన్నాడు. అవ్వ పొట్లాన్ని కొంగున ముడివేసి నడుముకు దోపుకుంది.

ఆ వారం మా ఇల్లంతా బాట వైపు తిరిగి కూర్చుంది. నేను బండరాయెక్కి చూసేవాణ్ణి. దుమ్ము లేస్తే కేకవేసేవాణ్ణి. దుమ్ము వెనక నుంచి మేకలో, కరువు పని బండ్లో వచ్చేవి. ఉగాది తెల్లవారింది. పచ్చడికి బెల్లం లేదు. వేపపువ్వు మాత్రం కావలసినంత ఉంది. కడపకు బస్సు కమలాపురంలో మిట్టమధ్యాహ్నం. దాన్ని అందుకోవాలంటే పొద్దు బారెడెక్కకముందే బయలుదేరాలి. బస్సు డబ్బులు నాయన ఎలాగో ఏర్పాటు చేసి ఉంచాడు. అన్న మిగిలిన బొమ్మలన్నిటినీ గుడ్డలో చుట్టుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని నిలబడ్డాడు.

"అవ్వా, ఇంగ ఇయ్యి. పొద్దు పోతాండాది."

"వస్తాడురా. మాటిచ్చినోడు. పచ్చడి వేళకు వస్తాడు."

"నేను కడపకు తీసకపోయి ఆడ తెరుస్తా."

"ఆడ నీ చేత్తో తెరిస్తే మళ్ళా కోతే వస్తాది. ఇదే ఆఖరుది నాయనా. ఇంగ లేదు. రొంతసేపు ఓర్చుకో."

నాయన వాకిట్లో నుంచి అన్నాడు: "అమ్మా, వానికి ఇచ్చెయ్. అయ్యేది అయితాది."

"నువ్వు గమ్మునుండు. పోయినేడు నా మాట ఇనకుండా ఆ చెయ్యి పడకుండానే గొర్రు తోల్తివి. ఏమొచ్చె?"

ఆమె కొంగు మీద చెయ్యి వేయగల మగవాడు మా ఇంట్లో లేడు. అన్న గడప మీద కూర్చున్నాడు. నేను బండరాయి మీద. నీడలు కురుచ అయ్యాయి. తరువాత, ఎవరూ ఏమీ అనకుండానే, బస్సు పోయిందని అందరికీ తెలిసింది. అమ్మ పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. అన్న లేచి చొక్కా విప్పి దండెం మీద వేశాడు. అవ్వ కొంగుముడి విప్పుతూ, "తెరువు నాయనా, నువ్వే తెరువు, రేపన్నా పొయ్యి అడుగుదువు" అంది.

అన్న రెండడుగులు వెనక్కు వేశాడు. అతని గొంతు అప్పుడప్పుడే మగగొంతుకు మారుతోంది. ఆ మధ్యాహ్నం అది పూర్తిగా మారిపోయింది.

"తెరవాకు. ఎవరూ తెరవద్దు. దాంట్లో ఒంటికొమ్మోడు ఉన్నాడని తెలిస్తే నేను బతకలేను."

దస్తగిరి తాత మరునాడు వచ్చాడు. బస్సుకు డబ్బులు లేక, పుండ్లు పడిన కాళ్ళతో రాయచోటి నుంచి నడిచి వచ్చాడు. సంగతి విని వాకిట్లోనే కూలబడ్డాడు. "నా కోసరం ఎందుకు నిలిపినారమ్మా? చెయ్యి నాదే గాని గింజ నాది గాదే!" అని అరచేతులు రెండూ చాపి చూసుకుని ఏడ్చాడు. ఆ తరువాత ఏ పొలంలోనూ ఆయన మొదటి పిడికెడు వేయలేదు. పిలిచినా పోలేదు.

అన్న కంకరకు పోయాడు. ఆపైన ఎర్రగుంట్ల దిక్కు నాపరాళ్ళ గనిలో కుదిరాడు. వానలు వచ్చాయి, మళ్ళీ ఎద్దులు వచ్చాయి, తిరగలి మోగింది. అతను మాత్రం బడికి తిరిగి పోలేదు. ఆ వయసు దాటిపోయింది. అతని రెక్కల కష్టంతోనే నేను కమలాపురంలో హాస్టల్లో ఉండి చదివాను, కళాశాలకు పోయాను, అక్కడ వేదిక మీద నిలబడి విధి గొప్పదా పురుషకారం గొప్పదా అన్న విషయం మీద రెండు పక్షాల తరఫునా మాట్లాడగలిగినంత నేర్పు సంపాదించాను. సెలవుల్లో ఇంటికి వస్తే, గని నుంచి వచ్చిన అన్న తెల్లని రాతిదుమ్ముతో, ముసలివాడిలా కనిపించేవాడు. అవ్వ నీళ్ళ చెంబు తెచ్చి ముందు పెట్టేది. అతను తీసుకునేవాడు, తాగేవాడు, పెట్టేసేవాడు. ఆమెను నిందించలేదు. ఒక్క కఠినమైన మాట అనలేదు. అవ్వా అని పిలవడం మాత్రం ఆ ఉగాదితో మానేశాడు. ఏదైనా కావలసివస్తే, "ఇంట్లో చెప్పు" అని నాతో అనేవాడు. ఆమె తన చెవులు మందమయ్యాయని అందరితో చెప్పుకునేది. ఆ పిలుపు ఒక్కటి వినపడకపోవడానికి కారణం చెవుల్లో వెతుక్కుందేమోనని ఇప్పుడు అనిపిస్తుంది.

గోడ మీద కోతులు చాలా ఏండ్లు ఉన్నాయి. తరువాత సున్నం కింద పోయాయి. పొట్లం పారేసిందనే అందరం అనుకున్నాం. అమ్మ ఇచ్చిన రాత్రి దాన్ని నా బల్ల మీద పెట్టుకుని చూస్తూ, ఆమె ప్రతి రాత్రీ ఎలా గడిపి ఉంటుందో ఊహించకుండా ఉండలేకపోయాను. తెరిస్తే తెలుస్తుంది. లోపల ఆ మృగం ఉంటే, మనవడి బతుకును తన కొంగున ముడివేసి చంపింది తానే. పారేస్తే, అది ఉందో లేదో అన్న ప్రశ్న చచ్చేదాకా వెంటాడుతుంది. తెరవలేక, పారేయలేక, తెల్లగుడ్డలో చుట్టి పెట్టె అడుగున పెట్టింది. తెలుసుకోవడమే ఎల్లప్పుడూ మేలని నేను వేదికల మీద వాదించాను, నెగ్గాను. అలా తెలుసుకోవడానికి ఎంత బలం కావాలో ఎదుటి పక్షం వాళ్ళు ఒక్కసారైనా అడిగి ఉంటే నా దగ్గర జవాబు లేకపోయేది.

అమ్మ వద్దన్నా నేను అన్న దగ్గరికి పోయాను. అడగకుండా ఉండలేని స్వభావం నాది. ఆ పొట్లం కూడా న్యాయంగా అతనిదే. గనిలో అతను అవ్వ సమాధికి మూతరాయి చెక్కుతున్నాడు. మా వాళ్ళలో పూడ్చడమే ఆచారం. చుట్టూ నల్లని పలకలు ఎండకు మెరుస్తున్నాయి. నేను గుడ్డ విప్పి రాతి మీద పెట్టాను.

అన్న ఉలి దించాడు.

"యాడిది?"

"అవ్వ పెట్టెలో."

"తెరిచినాదా?"

"లేదు. అంచులు చూడు."

అతను గోచీగుడ్డకు చేతులు తుడుచుకున్నాడు. ఎన్ని తుడిచినా పోని దుమ్ము అది. వేళ్ళ కొనలు పగిలి, గోళ్ళు నల్లబడి ఉన్నాయి. అయినా అంచు లేపిన తీరు అదే. కాగితం చిరగకుండా, వేలు దూర్చి, ముందు బిళ్ళ. బిళ్ళ కరిగి నల్లని బంకగా పొట్లానికి అతుక్కుపోయింది. నా నోటివైపు చూసి ఒక్క క్షణం ఆగాడు. తరువాత బొమ్మను వెనక్కు తిప్పి పట్టుకున్నాడు. తిప్పాడు.

నల్లమొహం, తెల్లగడ్డం, కొమ్మ మీద కూర్చుని పండు కొరుకుతోంది.

అన్న నవ్వడం మొదలుపెట్టాడు. పక్క రాళ్ళ దగ్గర ఉన్నవాళ్ళు తలలెత్తి చూసేంత పెద్దగా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ మోకాళ్ళ మీదికి వంగిపోయాడు. ఎంతసేపటికీ లేవకపోతే దగ్గరికి పోయి భుజం పట్టుకున్నాను. అప్పటికి అది నవ్వు కాదు.

ఆ క్షణంలో నాకు తోచినవి చెప్పాలి. ఆమె ఆ అంచును ఒక్కసారి గోటితో లేపి ఉంటే చాలు, ఇన్నేండ్ల నేరం నుంచి విడుదలయ్యేది. పొట్లంలో ఆమెకు శిక్ష లేదు. ఆమె దండం పెట్టుకున్న దేవుడే, ఆమె నిరపరాధి అని చెప్పడానికి, ఆ చీకట్లో పండు కొరుకుతూ కూర్చుని ఉన్నాడు. అయితే ఇది తెలిసినందువల్ల నాకు శాంతి కలగలేదు. తాత చెయ్యి పడినా, అన్న చెయ్యి పడినా, ఆ రోజు సైకిలు వచ్చేది కాదు. అంటే, ఆమె చేసినది ఏమీ లేదు. మేము ఆశ పెట్టుకున్న చోటా ఏమీ లేదు. లెక్కల్లో ఎదురులేని పిల్లవాడు బడికి పోవాలా వద్దా అన్నది ఒక పిప్పరమెంటు పొట్లం తేల్చవలసిన స్థితికి మమ్మల్ని తెచ్చింది ఎవరన్నది అసలు ప్రశ్న. ఆ ప్రశ్నను మేము ఇన్నేండ్లూ ఒక ముసలామెను అడుగుతూ వచ్చాము. ఇప్పుడు మా ఊరికి తారురోడ్డు వేస్తామంటున్నారు. కమలాపురం హాస్టల్లో మా పల్లె పిల్లలు ఇద్దరున్నారు. మిగిలినవాళ్ళు గనికి పోతున్నారు. శెట్టి అంగడి గోడ మీద కొత్త రంగుల కాగితం ఉంది.

సాయంత్రం అన్నా నేనూ మూతరాయిని బండి మీద తెచ్చి, నలుగురు సాయం పట్టగా సమాధి మీదికి ఎత్తాం. చివరి అంచు దించబోతుండగా అన్న "ఆగండప్పా" అన్నాడు. రొంటి నుంచి ఆ బొమ్మను తీశాడు. రాతికీ మట్టికీ మధ్య మిగిలిన సందులోకి చెయ్యి పోనిచ్చి, ముఖం లోపలికి కనపడేటట్టు దాన్ని నిలబెట్టాడు. మట్టి మీదికి వంగి, చెవులు మందమైన మనిషికి చెప్పేటట్టు గట్టిగా పిలిచాడు.

"అవ్వా! కోతే వచ్చింది అవ్వా."